కరెంటు బండిలో ఇరవై ఒక్క అంకెలు

దేవుణ్ణి నమ్ముతాను. దీపం పెట్టకుండా పొయ్యి ముట్టించను. కానీ దయ్యమనీ గాలి సోకిందనీ ఎవరైనా చెబితే మాత్రం నాకు మొదటి నుంచీ నవ్వే వచ్చేది. చెప్పేవాళ్ళు నొచ్చుకోకూడదని వినేదాన్ని, అంతే. ఇప్పుడు రాయబోయేది కూడా చదివేవాళ్ళు అలాగే వింటారేమోనని ఇన్నాళ్ళూ రాయలేదు. ఒక్క మాట. ఇది జరిగింది పట్టపగలు, పదిమంది ఉన్నచోట.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు బావి ఉండేది. కార్మికుల కాలనీ నుంచి బావి దాకా నాలుగు కిలోమీటర్లు, మధ్యలో అంతా టేకు, ఇప్ప చెట్లు. ఆ దారిలో పట్టాల మీద ఒక చిన్న కరెంటు బండి నడిచేది. రైలు పెట్టెలో సగం ఉంటుంది. నెత్తి మీద ఒక పొడుగాటి గడ, గడ చివర చిన్న చక్రం. ఆ చక్రం పైన కట్టిన వైరును రాసుకుంటూ పోతుంటే బండికి కరెంటు అందేది. షిఫ్టుకు పోయేవాళ్ళను తీసుకుపోయేది, దిగినవాళ్ళను తీసుకొచ్చేది.

దాని డ్రైవరు మా నాన్న.

చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి నా ఎడమ కాలు చిక్కిపోయింది. బడి దూరం. రోజూ ఎత్తుకుపోయేవాళ్ళు లేరు. అందుకని నా చదువంతా ఇంట్లో అమ్మ దగ్గర, బండిలో నాన్న దగ్గర సాగింది. నాన్న నన్ను డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చోబెట్టేవాడు. నేను కూడబలుక్కుని చదివిన మొట్టమొదటి వాక్యం ఆ బండి తలుపు మీద ఉన్నదే: "కదులుచున్న బండి ఎక్కరాదు." నడవలేని పిల్లను ఊరంతా తిప్పి చూపించింది ఆ బండి. దాని రుణం నాకు ఇప్పటికీ గుర్తే.

అంకెలు నేర్చుకున్నదీ అందులోనే. బావికి పోయే దారిలో ఒకచోట నాన్న హ్యాండిల్‌ను సున్నాకు తెచ్చేవాడు. మోటారు కూత టక్కున ఆగిపోయేది. బండి ఆ ఊపు మీదే చప్పుడు లేకుండా సాగేది. అది ముత్యాలమ్మ గద్దె ఉన్న చోటు. లోపల కూర్చున్న మగవాళ్ళంతా మాటలు ఆపేసేవాళ్ళు.

"కండ్లు మూస్కో బిడ్డా. అమ్మకు దండం పెట్టి లెక్కపెట్టు" అనేవాడు నాన్న.

నేను కళ్ళు మూసుకుని ఒకటి, రెండు అని మొదలుపెట్టేదాన్ని. ఇరవై ఒకటి అనేసరికి నాన్న మళ్ళీ హ్యాండిల్ తిప్పేవాడు, మోటారు అందుకునేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆపేవాడు కాదు. అక్కడికి రాగానే కాలితో గంట గణగణ మోగించేవాడు. ఎందుకని అడిగితే, "పోయేటప్పుడు అడుగుతం. వచ్చేటప్పుడు వచ్చినమని చెప్తం" అన్నాడు.

ఇంకో సంగతి. నాన్న ఎప్పుడూ 'ఏడు' అనేవాడు కాదు. మా తాత వడ్లు కొలిచేవాడు, ఆయన నుంచి వచ్చిన అలవాటు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని, భూమి లోపలికి దిగబోయే మనుషుల ముందు ఆ మాట అసలే రాకూడదని. ఆరు తర్వాత ఆరున్నొకటి. పదహారు తర్వాత పదహారున్నొకటి. పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆ అంకె పేరు అదేననుకున్నాను నేను. ఒకసారి కిరాణా కొట్టుకెళ్ళి ఆరున్నొకటి కోడిగుడ్లు ఇమ్మంటే కొట్టాయన, "ఆరా, ఒకటా, సాఫ్‌గా చెప్పు పిల్లా!" అని ఒకటే నవ్వు.

తర్వాత బస్సులు వచ్చాయి. బావి మూతపడింది. పట్టాలు ఊడదీశారు, బండిని షెడ్డులోకి నెట్టేశారు. నాకు ఇరవై నిండకముందే నాన్న పోయాడు. బండితో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. సత్తుపల్లికి పెళ్ళి చేసుకుని వెళ్ళి, మా ఆయన పోయాక మళ్ళీ ఈ ఊరే వచ్చి, నవారు మంచాలు అల్లుకుంటూ బతుకుతున్నాను. ఏ లోటూ లేదు.

నిరుడు ఒకరోజు కొమురయ్య చిన్నాయన మా గుమ్మంలోకి వచ్చాడు. సొంత చిన్నాయన కాదు. షెడ్డులో నాన్న కింద హెల్పరుగా చేరి, ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి.

"బిడ్డా, మన బండిని లేపుతున్నరు! పాత బాయి కాడ పార్కంట. మూడు నూర్ల గజాలు పట్టాలేసి నడిపిస్తరంట. సీట్లకు నవారు అల్లేటోళ్ళు కావాలె. నువ్వు గాక ఎవరున్నరు?" అన్నాడు.

ఆ బండికి మొదట తోలు సీట్లు ఉండేవట. ఇక్కడి వానలకు కుళ్ళిపోతే షెడ్డులో వాళ్ళే ఇనుప చట్రాలకు నవారు అల్లించారు. ఆ అల్లకం నాకు మా నాన్న నేర్పిందే.

షెడ్డు తలుపు తెరిచిన రోజు నేను ఏడ్చాను. బండి చెక్క గోడలు సగం చెదలు తినేశాయి. డ్రైవరు పీట కింద ఎవరి కోడో పొదిగి వదిలేసిన గుడ్ల పెంకులు. ఎవరో ఇప్పపువ్వు దాచుకున్నట్టున్నారు, లోపలంతా ఆ తియ్యని వాసన. తలుపు మీద అక్షరాల్లో 'ఎక్కరాదు' మాత్రం మిగిలింది.

ఖమ్మం నుంచి స్రవంతి అనే ఇంజనీరమ్మాయి వచ్చేది. ముప్పై కూడా ఉండవు. మాట తక్కువ, చేతి పని ఎక్కువ. పాత మోటారుకు తీగ చుట్టించింది. పైన వైరు పెట్టే వీలు లేదు కాబట్టి సీట్ల కింద బ్యాటరీలు అమర్చింది. గడ చూడ్డానికే. నాన్న పట్టుకున్న ఇత్తడి హ్యాండిల్‌ను అలాగే ఉంచి, దాని పెట్టె లోపల మాత్రం కొత్త సామాను పెట్టింది. హ్యాండిల్ ఏ అంకె మీద ఉందో, మోటారు ఎంత కరెంటు తీసుకుందో క్షణక్షణం ఆమె ల్యాప్‌టాప్‌లో పడేది.

రంగు ఏదని వాదన వచ్చింది. పైన ఉన్నది ఎరుపు. నేను ముదురు ఆకుపచ్చ అన్నాను. ఎర్ర రంగు గీకితే కింద పసుపు వచ్చింది, పసుపు గీకితే ఆకుపచ్చ వచ్చింది.

"చూసినవా మేడమ్? మా బిడ్డ కండ్లు మూస్కొని గూడ చెప్తది!" అన్నాడు చిన్నాయన.

సీట్లన్నీ అల్లడం పూర్తయ్యేదాకా బండి ఎక్కనని అనుకున్నాను. అందుకే వాళ్ళు పట్టాల మీద నడిపి చూస్తున్న మొదటి రోజుల్లో నేను షెడ్డులోనే ఉన్నాను. చిన్నాయన మొహం రోజురోజుకూ వాడిపోవడం మాత్రం చూశాను.

సంగతి ఏమిటంటే, పట్టాల మధ్యలో ఒకచోట బండికి కరెంటు పోతోంది. హ్యాండిల్ ముందుకే ఉంటుంది, మోటారు పలకదు. కొంత దూరం అలా చప్పుడు లేకుండా పోయి, మళ్ళీ దానంతట అదే అందుకుంటుంది. బావి వైపు పోయేటప్పుడే ఇలా. తిరిగి వచ్చేటప్పుడు ఏమీ లేదు. స్రవంతి బ్యాటరీలు మార్చింది, వైర్లు మార్చింది, పెట్టెలో సామానంతా విప్పి మళ్ళీ బిగించింది. లాభం లేదు. చిన్నాయన పట్టాల పక్కన దారం కట్టి మట్టం చూశాడు. అక్కడ దారి జానెడు ఎత్తెక్కుతోంది. మనిషి నడకంత వేగంతో పోయే బండి కరెంటు పోతే అక్కడ ఆగాలి, కాదంటే వెనక్కి జారాలి. ఇది నెమ్మదించను కూడా నెమ్మదించదు.

పార్కు కమిటీ వాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు వారం లోపే ఉంది. బండి బాగుందని స్రవంతి సంతకం పెడితేనే మనుషుల్ని ఎక్కించనిస్తారు. లేకపోతే వేరే ఊళ్ళో పార్కు ఉందట, బండిని లారీలో అక్కడికి తీసుకుపోయి, చక్రాలకు సిమెంటు పోసి బొమ్మలా నిలబెడతారు.

"కారణం తెలియకుండా సంతకం పెట్టలేను అంకుల్. లోపల మనుషులు కూర్చుంటారు" అంది స్రవంతి. ఆ పిల్ల మాట నాకు నచ్చింది. ఆ రాత్రే కూర్చుని ఆఖరి సీటు అల్లకం ముగించాను.

మర్నాడు ఆఖరి సీటు బిగించి, మొదటిసారి బండి ఎక్కాను. డ్రైవరు వెనక నా పాత చోట్లోనే కూర్చున్నాను. చిన్నాయన హ్యాండిల్ తిప్పాడు. అదే కూత. నాకు తెలియకుండానే కళ్ళు మూసుకుపోయాయి.

మోటారు ఆగింది.

నేను లెక్కపెట్టాలని అనుకోలేదు. లెక్క దానంతట అదే మొదలైంది. ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది... గాలి చెంపకు తగులుతోంది. పదహారు, పదహారున్నొకటి... నేను "ఇరవై ఒకటి" అన్న క్షణానే వెనక నుంచి స్రవంతి కూడా "ఇరవై ఒకటి" అంది. మోటారు అందుకుంది.

వెనక్కి తిరిగి చూశాను. ఆమె చేతిలో ఫోను, అందులో సెకన్లు నడుస్తున్నాయి.

"మీకెలా తెలుసు ఆంటీ? రోజూ అంతే వస్తోంది. నేనెవరికీ చెప్పలేదు" అంది.

నాన్న సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు, నమ్మానని కూడా అనలేదు. చిన్నాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "గద్దె వాగు పక్కన గదా ఉండె! నేను షెడ్డుల పనోణ్ణి, బండెక్కి పోయింది తక్కువే గానీ, ఈడైతే కాదు" అన్నాడు. ఇక్కడేనని నేనన్నాను గానీ రుజువు లేదు. అక్కడ నేనెప్పుడూ కళ్ళు తెరిచి చూడలేదు. అడవి కొట్టేసి రోడ్డు వేశాక ఏది ఎక్కడుందో చెప్పే గుర్తులు కూడా పోయాయి.

పట్టాల అవతల మేకలు కాసుకుంటున్న కన్నమ్మవ్వను అడిగాం. పక్క కోయగూడెం ఆమె. మేం ఇద్దరం వాదులాడుకుంటుంటే కట్టెకు ఆనుకుని వింటోంది.

"గద్దె ఈడనే ఉండె. రోడ్డేసేటప్పుడు డప్పులు గొట్టుకుంట అమ్మను కాలనీకి తీస్కపోయిన్రు. తమ్ముణ్ణి ఇడిసిపెట్టి పోయిన్రు" అంది.

"తమ్ముడెవరు అవ్వా?" అని అడిగింది స్రవంతి.

"పోతురాజు గాదు మరి! ఆడ కొత్త రాయి నిలబెట్టుకున్నరు. పాతోణ్ణి ఎవడు మోస్తడు, గంత బరువు? అక్కను పల్లకీ ఎక్కించిన్రు. తమ్ముణ్ణి కంపల పడేసిన్రు. మీ కాలనీ తెలివి!"

చిన్నాయన కత్తి తెచ్చి ముళ్ళకంప కొట్టాడు. పట్టాలకు నాలుగడుగుల దూరంలో, మోకాలెత్తు రాయి, ఒక పక్కకు ఒరిగి. పైన ఎప్పటిదో పసుపు పెచ్చు ఒకటి ఇంకా అంటుకుని ఉంది. నిలబెడదామని చిన్నాయన చెయ్యి వేయబోతే అవ్వ కసిరింది. "కదిలియ్యకు! ఇన్నేండ్లు గట్లనే నిలబడ్డడు, నువ్వొచ్చి సక్కగ జేస్తవా?"

కడవతో నీళ్ళు పోసి కడిగాం. నేను ఇంటికెళ్ళి పసుపు, కుంకుమ తెచ్చి పెట్టాను. ఇక తగ్గిపోతుందని లోలోపల అనుకున్నమాట నిజం. మళ్ళీ నడిపి చూశాం. తగ్గలేదు. అదే చోట ఆగింది, ఇరవై ఒకటికి అందుకుంది.

చిన్నాయన పట్టాల మీదే కూలబడ్డాడు. "సిమెంటు పోస్తరు ఇగ" అన్నాడు.

అప్పుడు నాకు తోచింది చెప్పాను. మోటారు దానంతట అది ఆగితే లోపం. డ్రైవరే ఆపితే లోపం కాదు కదా. నాన్న చేసినట్టు మనమే హ్యాండిల్ సున్నాకు తెస్తే?

స్రవంతి పదిసార్లు నడిపి చూసింది. చిన్నాయన రాయి దగ్గరకు రాకముందే హ్యాండిల్ సున్నాకు తెచ్చి, నా లెక్కకు మళ్ళీ తిప్పాడు. పదిసార్లూ తేడా రాలేదు. అంతకుముందు జరిగినదంతా ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసి, కారణం దొరకలేదని కూడా రాసి, కింద నడిపేవాళ్ళకు ఒక నియమం చేర్చింది: ఈ రాయి దగ్గర హ్యాండిల్ సున్నాకు తేవాలి, ఇరవై ఒకటి లెక్కపెట్టాక తిప్పాలి. అప్పుడు సంతకం పెట్టింది.

ఆ నియమం తలుపు పక్కన బోర్డు మీద నేనే రాశాను. ఇరవై ఒకటి మాత్రం పిల్లలకు తెలిసేలా అంకెల్లో వేశాను.

కమిటీ వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. ముగ్గురు పెద్దమనుషులు, కాలనీ ఆడవాళ్ళు కొందరు, వెనక సీట్లో కన్నమ్మవ్వ. ఆమె మేకను కూడా ఎక్కిస్తానని పోట్లాడి ఓడిపోయి వచ్చింది. చిన్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను, చెయ్యి చాపితే అందే దూరంలో.

రాయి దగ్గరకు వస్తున్నాం. హ్యాండిల్ సున్నాకు తెచ్చాడు. కూత ఆగింది.

"మోటారు ఆపేశారా?" అని కమిటీ ఆయన అడిగాడు.

"అవ్ సార్. ఈడ గట్లనే" అన్నాడు చిన్నాయన.

కాలనీ ఆడవాళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు, మాటలు ఆపేశారు. నేను పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరున్నొకటి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ రోజు నేను కళ్ళు తెరిచే ఉంచాను. జీవితంలో మొదటిసారి ఆ చోటు చూద్దామని. రాయి కనిపించింది, పసుపు మీద ఎండ పడుతోంది. తల తిప్పి చిన్నాయనను చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి. చెంపల మీద నీళ్ళు. రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకున్నాడు. ఇరవై అన్నాను. చేతులు దించలేదు. మరిచిపోయాడని తెలిసి పిలవబోయాను, పిలుపు నోటిదాకా రాకముందే అలవాటుగా "ఇరవై ఒకటి" వచ్చేసింది.

మోటారు అందుకుంది.

చిన్నాయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. హ్యాండిల్ ముందుకు తిరిగి ఉంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కమిటీ వాళ్ళు కిటికీల్లోంచి అడవి చూస్తున్నారు. తిరుగు దారిలో రాయి దగ్గరకు రాగానే చిన్నాయన కాలితో గంట మోగించాడు, ఆపకుండా, పిల్లాడిలా.

బండి ఇక్కడే ఉంటుందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం స్రవంతి దగ్గర దాచడం తప్పనిపించింది. అందరూ వెళ్ళాక ఇద్దరం జరిగింది చెప్పాం.

"నేను తిప్పలే మేడమ్. నా రెండు చేతులు ఈడున్నయ్" అని చిన్నాయన నుదురు ముట్టుకుని చూపించాడు.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. చూసి మా వైపు తిప్పింది. గీతలు నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. మోటారు దానంతట అది అందుకుని ఉంటే, హ్యాండిల్ సున్నా మీద ఉండగా కరెంటు పారినట్టు కనపడాలట. అలా లేదు. సరిగ్గా ఇరవై ఒకటి దగ్గర హ్యాండిల్ సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి రెండుకు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి తిరిగింది.

"మీరు ఒకేసారి తిప్పేస్తారు అంకుల్, రోజూ చూస్తున్నాను. ఇది మీ చెయ్యి కాదు" అంది.

రెండు రోజులు పెట్టె మొత్తం విప్పి చూసింది. ఏమీ దొరకలేదు. ఎందుకైనా మంచిదని ఇంకో బ్రేకు మీట బిగించి, కమిటీకి ఈ సంగతి కూడా రాసి పంపింది. వాళ్ళేమనుకున్నారో గానీ అభ్యంతరం చెప్పలేదు. ఆ తర్వాత అలా మళ్ళీ ఒక్కసారి కూడా జరగలేదు.

నాన్న హ్యాండిల్ ఎలా తిప్పేవాడని మీరు అడగవచ్చు. నాకు తెలియదు. ఆ సమయంలో నా కళ్ళు మూసే ఉండేవి. మనసుకు తోచిందల్లా నిజమని రాసేదాన్ని కాదు నేను. అది యంత్రంలో ఎవరికీ అందని లోపమో, తమ్ముడిని తలుచుకున్నందుకు అమ్మ దయో, మరొకటో, ఇప్పటికీ తేల్చుకోలేదు. నా చిక్కిపోయిన కాలిని ఊరంతా తిప్పిన బండి సిమెంటులో కూరుకుపోలేదు. అది చాలు, దండం పెట్టుకుంటాను.

ప్రతి ఆదివారం బండి నడుస్తుంది. పిల్లలు ఎక్కుతారు, నాతోపాటు లెక్కపెడతారు, ఆరున్నొకటి అని అరవడం వాళ్ళకు మహా సరదా. నేను ఆ మొదటి సీట్లోనే కూర్చుంటాను. కూత ఆగగానే కళ్ళు మూసుకుంటాను. మళ్ళీ తెరిచి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు.